సింగూరు పడవకు సరిపడే ఇంజిన్ ఇవ్వండి
(తెలంగాణ మత్స్యశాఖ కమిషనర్‌కు బహిరంగ లేఖ)

కమిషనర్ గారికి,

పటాన్‌చెరు పారిశ్రామికవాడలో పంపులు, మోటార్లు, జనరేటర్లు బాగుచేసుకుని బతికే మెకానిక్‌ని. మా బంధువులు కొందరు సింగూరు జలాశయం ఒడ్డున చేపలు పట్టుకుని బతుకుతారు. వాళ్ల వల్ల అప్పుడప్పుడు పడవ వెనక బిగించే ఔట్‌బోర్డ్ ఇంజిన్లు కూడా నా షెడ్డుకు వస్తుంటాయి. వచ్చేవి దాదాపు అన్నీ పాతవే. కొన్నింటికి మళ్లీ ప్రాణం పోయగలను, కొన్నింటికి పోయలేను. పోయలేనప్పుడు వాళ్లు అడిగే ప్రశ్న ఒక్కటే: "కొత్తది ఏది తేవాలె?" ఆ ప్రశ్నకు నా దగ్గర సగం జవాబే ఉంది. మిగతా సగం మీ శాఖ చేతిలో ఉంది కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను.

సింగూరులో ఇప్పటికీ తెడ్డు మీద నడిచే పడవలు, పుట్టీలే ఎక్కువ. ఇంజిన్ ఉన్నవాళ్లు తక్కువ. కానీ కావాలనుకునేవాళ్లు పెరుగుతున్నారు, దానికి కారణం లేకపోలేదు. మహారాష్ట్రలో బీడ్ జిల్లా కొండల్లో పుట్టిన మంజీరా బీదర్ మీదుగా మన సంగారెడ్డి జిల్లాలోకి వచ్చి పుల్కల్ దగ్గర ఆగేచోట దాదాపు 30 టీఎంసీల జలాశయం ఉంది. నిండితే వెనక జలాలు రాయికోడ్, మునిపల్లి, మనూరు మండలాల దాకా పోతాయి. రాత్రి వేసిన వలను తెల్లారకముందే ఎత్తాలి, ఎండ ముదరకముందే చేపను ఒడ్డుకు చేర్చాలి. ఆషాఢపు గాలి ఎదురు తిరిగితే అరవై ఏళ్ల మనిషి తెడ్డు వేసి రెండు మైళ్లు రావడం చిన్న సంగతి కాదు. పిల్లలేమో పాశమైలారం, రుద్రారం కంపెనీల్లో షిఫ్టులకు పోతున్నారు. పడవ మీద మిగిలేది పెద్దవాళ్లే. వాళ్లకు ఇంజిన్ సోకు కాదు, రోజు గడిచే ఆధారం.

అందుకే ఇంజిన్లు ఇవ్వొద్దని నేను అనను. ఎట్లాంటివి ఇవ్వాలి, ఎట్లా ఇవ్వాలి అన్నదే నా మాట. నాలుగు కంపెనీల కొటేషన్లు తెప్పించి, తక్కువ ధర చూసి, జిల్లాకు ఇన్ని అని ఒకే రకం పంపితే రెండేళ్లు తిరిగేసరికి సగం ఇంజిన్లు గోనెసంచుల్లో చుట్టి ఇంటి మూలన పడి ఉంటాయి. ఎందుకలా జరుగుతుందో నా బల్ల మీద రోజూ చూస్తున్నాను.

మొదట నీటి సంగతి చెప్పాలి. సింగూరు మామూలు చేపల చెరువు కాదు. హైదరాబాద్ తాగే నీళ్లలో ఇది ఒక పాలు. మిషన్ భగీరథ కింద మా జిల్లా పల్లెలు తాగేవీ ఈ నీళ్లే. 2016 ఎండాకాలంలో సింగూరు అడుగంటి నగరానికి సరఫరా ఆగిపోయిన సంగతి మీకు తెలుసు. ఇట్లాంటి నీళ్లలో పాత టూస్ట్రోక్ ఇంజిన్ తిరగడం మంచిది కాదు. ఆ ఇంజిన్‌కు వేరే ఆయిల్ సంపు ఉండదు. లీటరు పెట్రోలుకు 20 మిల్లీలీటర్ల చొప్పున ఆయిల్ కలిపి పోయాల్సిందే. సిలిండర్లోకి కొత్త ఇంధనం వచ్చేటప్పుడూ పాత పొగ పోయేటప్పుడూ తలుపులు ఒకేసారి తెరుచుకుంటాయి. పొగతోపాటు కాలని పెట్రోలు, ఆయిల్ కూడా బయటికి పోతాయి. పాత కార్బొరేటర్ ఇంజిన్లలో పోసిన ఇంధనంలో పావువంతు దాకా కాలకుండానే పోతుందని లెక్క. పడవ ఇంజిన్ పొగగొట్టం నీళ్లలోనే ఉంటుంది కాబట్టి అదంతా నేరుగా నీళ్లలోకే దిగుతుంది. పొద్దున గాలి లేనప్పుడు పడవ వెనక రంగులు తేలే పొర చూసినవాళ్లకు వేరే పరీక్ష అక్కర్లేదు.

దీని మీద ముందే కళ్లు తెరిచిన దేశాలున్నాయి. అమెరికాలో టాహో సరస్సు మీద 1999లోనే కార్బొరేటర్ టూస్ట్రోక్ ఇంజిన్లను నిషేధించారు. జర్మనీ, స్విట్జర్లాండ్, ఆస్ట్రియా పంచుకునే బోడెన్‌జే సరస్సు లక్షలమందికి తాగునీళ్లిస్తుంది, అక్కడ కూడా 1990ల నుంచి పడవ ఇంజిన్ల పొగకు కఠినమైన హద్దులు పెట్టారు. మనకు అంత పెద్ద చట్టం ఇప్పుడే అక్కర్లేదు. ప్రభుత్వం డబ్బుతో కొనే ఇంజిన్‌కైనా ఈ నియమం పెట్టండి: తాగునీటి జలాశయంలో రాయితీ మీద టూస్ట్రోక్ ఇవ్వవద్దు. ఫోర్‌స్ట్రోక్ ఇవ్వండి. ధర కొంచెం ఎక్కువే కానీ పెట్రోలు తక్కువ తాగుతుంది, ఆయిల్ దాని సంపులోనే ఉంటుంది.

పెట్రోలు మాట వచ్చింది కాబట్టి ఇంకొక సంగతి. పాత ఇంజిన్లు ఈమధ్య వరసగా నా దగ్గరికి రావడానికి సగం కారణం బంకులో పోసే పెట్రోలే. ఇప్పుడది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. ఇథనాల్ గాలిలోని చెమ్మను పీల్చుకుంటుంది. జలాశయం ఒడ్డున, మూత సరిగ్గా పడని డబ్బాలో చాలాకాలం ఉంటే నీళ్లు ఇథనాల్‌తో కలిసి అడుగున వేరే పొరగా చేరవచ్చు. ఇంజిన్ ఆ పొరను పీల్చుకుని ఆగిపోతుంది. పాత రబ్బరు పైపులు, పంపులోని పలుచని డయాఫ్రంలు మెత్తబడి ముక్కలవుతాయి, కార్బొరేటర్ సన్నని రంధ్రాల్లో ఆ ముక్కలే ఇరుక్కుంటాయి. మత్స్యకారుడు అనుకునేదేమో ఇంజిన్ పని అయిపోయిందని. కొత్తది కొన్నా ఇదే బాధ తప్పదు. ఎందుకంటే చాలా ఔట్‌బోర్డ్ కంపెనీల పుస్తకాల్లో 10 శాతం ఇథనాల్ దాకానే ఒప్పుకుంటామని ఉంటుంది. అందుకని టెండరులో ఒక్క వాక్యం రాయించండి: 20 శాతం ఇథనాల్ పెట్రోలుతో నడిపినా వారంటీ చెల్లుతుందని కంపెనీ రాతపూర్వకంగా ఇవ్వాలి. ఆ కాగితం ఇవ్వని కంపెనీ ఇంజిన్ ఎంత చౌకైనా కొనవద్దు.

ఇక పడవ సంగతి. నేను ఎక్కువ చెప్పాల్సింది ఇక్కడే, ఎందుకంటే మొత్తం వ్యవహారంలో ఎవరూ చూడనిది పడవనే.

పాత పడవకు కొత్త ఇంజిన్ అంటే అందరూ ఇంజిన్ వైపే చూస్తారు. ముందు చూడాల్సింది పడవ వెనక నిలబెట్టిన పలకను. ఇంజిన్ బరువంతా, తోపంతా పడేది ఆ పలక మీదే. పాత ఇంజిన్ విప్పగానే బిగింపు మరలు దిగినచోట గుంటలు కనబడతాయి. ఎన్నోసార్లు బోల్టులు మార్చిన రంధ్రాలు వెడల్పై ఎంసీల్ పూసి కప్పి ఉంటాయి. ఆ ఎంసీల్ పక్కన స్క్రూడ్రైవర్ కొనతో నొక్కి చూడండి. మంచి చెక్కయితే కొన ఆగుతుంది. చివికిన చెక్కయితే వేలు లోతు దిగిపోయి నల్లటి తడి పొట్టు బయటికి వస్తుంది. ఫైబర్ పడవలోనూ ఇదే కథ. పైన నిగనిగలాడుతున్నా లోపల పెట్టిన ప్లైవుడ్ బోల్టు రంధ్రాల్లోంచి నీళ్లు తాగి ఉబ్బిపోతుంది. సుత్తి పిడితో తట్టుతూ పోతే గట్టిచోట టంగుమంటుంది, చివికినచోట డొల్ల మోత వస్తుంది. ఇట్లాంటి పలక మీద కొత్త ఫోర్‌స్ట్రోక్ బిగించడమంటే, అదే శక్తి ఉన్న పాతదానికన్నా ఐదు పది కిలోలు ఎక్కువ బరువును పుండు మీద వేలాడదీయడమే. గాలివానలో పలక ఊడితే ఇంజిన్ నీళ్లపాలవుతుంది. అంతటితో ఆగినా నయమే, ఆ సందులోంచి పడవలోకి నీళ్లు వస్తాయి.

చివికిన పలక మార్చడానికి పెద్ద విద్య అక్కర్లేదు. ఐఎస్ 710 ముద్ర ఉన్న మెరైన్ ప్లైవుడ్ రెండు పొరలు అంటించి, అంచులన్నీ ఎపాక్సీతో మూసి, స్టెయిన్‌లెస్ బోల్టులు వేసి, లోపలివైపు ఒక లోహపు పట్టీ ఆనించాలి. ప్రతి రంధ్రంలోనూ సీలెంట్ నింపాకే బోల్టు దిగాలి. కానీ ఈ ఖర్చు ఏ పథకం అంచనాలోనూ ఉండదు. ఇంజిన్‌కు రాయితీ ఉంటుంది, ఇంజిన్‌ను మోసే పలకకు ఉండదు. ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో పాత పడవ బదులు కొత్త పడవ, వలలు ఇచ్చే వీలుంది. 40 శాతం, ఎస్సీ ఎస్టీలకు, మహిళలకు 60 శాతం రాయితీ. మంచిదే. కానీ పడవ అడుగు, పక్కలు గట్టిగా ఉండి పలక ఒక్కటే పోయినవాడికి కొత్త పడవ దేనికి? వాడికి కావాల్సింది వారం రోజుల వడ్రంగి పని. రాయితీలో ఆ పనికి కూడా చోటు పెట్టండి.

ఎత్తు సంగతి ఇంకొకటి. ఔట్‌బోర్డ్‌లు పొట్టి లెగ్గు, పొడుగు లెగ్గు అని వస్తాయి, పొట్టిదానికి పలక ఎత్తు 15 అంగుళాలు, పొడుగుదానికి 20. ఫ్యాను (ప్రొపెల్లర్) పైన ఉండే అడ్డపట్టీ పడవ అడుగుతో సమానంగానో, ఒక అంగుళం కిందకో రావాలి. పలక ఎత్తుగా ఉన్నదానికి పొట్టి లెగ్గు ఇస్తే ఫ్యాను గాలి మింగి ఊరికే గిర్రున తిరుగుతుంది. పొట్టిపలకకు పొడుగు లెగ్గు ఇస్తే ఎండాకాలం నీళ్లు తగ్గినప్పుడు బురద దున్నుతుంది. చల్లబరిచే నీటిపంపులో రబ్బరు ఇంపెల్లర్‌ను ఆ బురద గీకి అరగదీస్తుంది. ఇంజిన్ వెనక నుంచి సన్నగా ధార కడుతూ రావాల్సిన నీళ్లు తగ్గాయంటే దాని అర్థం అదే. ఆ ధారను చూడాలని చెప్పేవాళ్లు లేక ఎన్ని ఇంజిన్లు కాలిపోయాయో!

హార్స్‌పవర్ దగ్గర అందరికీ ఆశ ఎక్కువ. పక్కవాడికి 8 ఉంటే నాకు 15 కావాలి. కానీ నీళ్ల లెక్క వేరు. వలలు, చేపలు, ఇద్దరు మనుషులతో బరువెక్కిన 18 అడుగుల పాత పడవ నీళ్లను తోసుకుంటూ పోతుందే తప్ప నీళ్ల మీదికి లేవదు. గంటకు 10 కిలోమీటర్ల దగ్గర దాని వేగం ఆగిపోతుంది. అక్కడి నుంచి ఎంత పెద్ద ఇంజిన్ పెట్టినా అల పెద్దదవుతుంది, పడవ వెనకభాగం కుంగుతుంది, పెట్రోలు ఖర్చవుతుంది. సింగూరు పడవకు 4 నుంచి 6 హార్స్‌పవర్ ధారాళంగా చాలు. దానికి వేగం కోసం కాక బరువు లాగడం కోసం తయారైన ఫ్యాను, అంటే తక్కువ పిచ్ ఉన్నది ఇప్పించాలి. కంపెనీ పెట్టెలో వచ్చే ఫ్యాను సాధారణంగా తేలికపడవల కోసం ఉంటుంది.

ఈ జలాశయం అడుగున మునిగిన ఊళ్లున్నాయి. నీటిమట్టం తగ్గితే మొండి గోడలు, చెట్ల మోడులు ఫ్యానుకు అందుతాయి. వలల తాళ్లు, గుర్రపుడెక్క సరేసరి. అందుకే చిన్న ఇంజిన్ల ఫ్యాను దగ్గర షియర్ పిన్ అని మెత్తటి లోహపు చీల ఒకటి ఉంటుంది. దేనికైనా తగిలితే ముందు అది విరిగి లోపలి గేర్లను కాపాడుతుంది. విరిగినప్పుడు కొత్తది దొరకదు. మేకు ముక్కో, స్టీలు బోల్టో కోసి పెడతారు. తర్వాతి దెబ్బకు చీల విరగదు, గేర్లు విరుగుతాయి. పదుల రూపాయల చీల దొరక్క వేల రూపాయల గేరు పోవడం నా చేతుల మీదుగా చూశాను. గేరు ఆయిల్ విప్పితే నల్లగా కాక పాలలాగా తెల్లగా కారుతుంది కొన్నింట్లో. సీలు పోయి నీళ్లు కలిశాయన్నమాట. దాన్ని ఆరునెలలకొకసారి చూసేవాడుంటే ఇంజిన్ ఇంకో పదేళ్లు నడుస్తుంది.

రాష్ట్రంలో మత్స్యకారులకు 75 శాతం రాయితీ మీద మోపెడ్‌లు ఇచ్చారు. అవి చాలావరకు పనికొచ్చాయి, ఎందుకంటే మోపెడ్ చెడితే ప్రతి మండల కేంద్రంలోనూ మెకానిక్ ఉంటాడు, పక్క దుకాణంలో స్పేర్ ఉంటుంది. ఔట్‌బోర్డ్‌కు ఆ రెండూ లేవు. సముద్రతీరంలో కాకినాడలోనో విశాఖలోనో దొరికే పార్టు కోసం సంగారెడ్డి మనిషి వారాలు ఎదురుచూడాలి. ఇంజిన్ ఇవ్వడం పథకంలో చిన్నభాగం. దాన్ని నడిపించడమే పెద్దభాగం.

ఆ నడిపించే చేతులు ఎక్కడో లేవు, ఇక్కడే ఉన్నాయి. రామచంద్రాపురంలో బీహెచ్‌ఈఎల్ టర్బైన్లు చేస్తుంది. ఎద్దుమైలారం ఆయుధ కర్మాగారంలో తయారయ్యే బీఎంపీ యుద్ధవాహనాలు నేల మీద నడవడమే కాదు, నీళ్లలో ఈదుతాయి. జహీరాబాద్‌లో ట్రాక్టర్లు తయారవుతాయి. ఫిట్టర్లు, టర్నర్లు, వెల్డర్లు, రీవైండింగ్ మేస్త్రీలు ఇంత దగ్గర దగ్గరగా ఉన్న జిల్లా రాష్ట్రంలో ఇంకోటి లేదనే చెప్పాలి. ఈ ప్రాంతపు ఐటీఐలో మత్స్యకార కుటుంబాల పిల్లలకు రెండు నెలల ఔట్‌బోర్డ్ కోర్సు పెట్టించండి. సింగూరు ఒడ్డున మత్స్యకారుల సంఘం గదిలో ఒక బల్ల, ఇంపెల్లర్లు, చీలలు, సీళ్లు, ఫిల్టర్లు, గేరు ఆయిల్ ఉన్న ఒక బీరువా పెట్టించండి. లెగ్గు పొట్టిదైనా పొడుగుదైనా ఒకే కంపెనీ ఇంజిన్ కొంటే మేలు ఇక్కడే. బీరువా చిన్నదైనా సరిపోతుంది.

దీనికి డబ్బు ఎవరిదని అడుగుతారు. ఈ పారిశ్రామికవాడ మత్స్యకారుడికి బాకీ ఉంది, దాన్ని తలుచుకోకుండా ఈ ఉత్తరం ముగించలేను. పటాన్‌చెరు, బొల్లారం ఫ్యాక్టరీల నీళ్లు నక్కవాగులో కలిసి పొలాలను, చెరువులను పాడుచేస్తున్నాయని 1990లోనే సుప్రీంకోర్టుకు కేసు వెళ్లింది. 1994లో ఉమ్మడి వ్యర్థజల శుద్ధి కేంద్రం వచ్చింది. 2007లో స్వీడన్ శాస్త్రవేత్త యోకిమ్ లార్సన్ బృందం ఆ కేంద్రం నుంచి బయటికి వచ్చే నీళ్లను పరీక్షించి లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లోక్సాసిన్ ఉందని లోకానికి చెప్పింది. గండిగూడెం చెరువులో చేపలు తెల్లగా పొట్టలు పైకి తిరిగి తేలిన వార్తలు మనం ఒక్కసారి చదివినవి కావు. ఆ చెరువుల మీద బతికిన ముదిరాజులు, గంగపుత్రులు వల వదిలేసి ఆ ఫ్యాక్టరీ గేట్ల ముందే కాంట్రాక్టు కూలీలయ్యారు. సింగూరు ఈ వాగులకు ఎగువన ఉంది కాబట్టి ఇంకా బతికి ఉంది. 2013 కంపెనీల చట్టం ప్రకారం లాభాల్లో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చుపెట్టాల్సిన కంపెనీలు ఇక్కడ చాలా ఉన్నాయి. మీరు, జిల్లా కలెక్టర్ కలిసి అడిగితే ఒక బల్ల, ఒక బీరువా, కొన్ని పడవల పలకలు వాళ్లకు లెక్కలోకి వచ్చే ఖర్చు కాదు.

అదే డబ్బుతో ఇంకొక ప్రయోగం చేయవచ్చు. కొన్ని పడవలకు కరెంటు ఔట్‌బోర్డ్ పెట్టి చూడండి. ఒక కిలోవాట్ మోటారు మన 18 అడుగుల పడవను గంటకు 5, 6 కిలోమీటర్ల వేగంతో నెమ్మదిగా తీసుకుపోతుంది. 48 వోల్టుల, 100 ఆంపియర్ అవర్ లిథియం ఫాస్ఫేట్ బ్యాటరీ దాన్ని నాలుగు గంటలు నడుపుతుంది. వలకు పోయి రావడానికి అది చాలు. నీళ్లలోకి చుక్క నూనె పడదు, లీటరు నూరు రూపాయలు దాటిన పెట్రోలు మిగులుతుంది. కేరళలో వైక్కం దగ్గర ఆదిత్య అనే సౌరశక్తి పడవ 2017 నుంచి 75 మంది ప్రయాణికులను దాటిస్తోంది, కాబట్టి ఇది కలలో మాట కాదు. ఇబ్బందులూ ఉన్నాయి. ముందు పెట్టుబడి ఎక్కువ. మే నెల ఎండలో బ్యాటరీని నీడన ఉంచాలి. ఒడ్డున చార్జింగ్‌కు నమ్మకమైన లైను కావాలి. ఎదురుగాలిలో నాలుగు గంటలు మూడవుతాయి. అందుకే అందరికీ ఒకేసారి ఇవ్వమనను. దగ్గర్లో వలలు వేసేవాళ్లతో మొదలుపెట్టి, ఏడాదిపాటు వర్షాలు, ఎండలు, ఎదురుగాలులు చూసి, లెక్కలు రాసి అప్పుడు నిర్ణయించండి. దూరం పోయేవాళ్లకు అప్పటిదాకా చిన్న ఫోర్‌స్ట్రోక్.

ప్రాణాల మాట రెండు ముక్కల్లో. ఇంజిన్‌తోపాటు కిల్ స్విచ్ తాడు వస్తుంది. నడిపేవాడు నీళ్లలో పడితే ఇంజిన్ ఆగడానికి దాన్ని మణికట్టుకు కట్టుకోవాలి. కట్టుకునేవాళ్లను నేను చాలా తక్కువ చూశాను. లైఫ్ జాకెట్ ఇవ్వకుండా, ఈ తాడు వాడకం నేర్పకుండా ఏ ఇంజిన్‌నూ చేతికివ్వవద్దు. మత్స్యకారుడికి ఉన్న 5 లక్షల ప్రమాద బీమా మనిషి పోయాక ఇంటికి వచ్చే డబ్బు, ప్రాణాన్ని కాపాడేది కాదు.

చివరిగా నా అభ్యర్థన. వచ్చే ఆర్థిక సంవత్సరం ఇండెంట్లు కట్టే ముందు మీ ఇంజినీరును ఒకరిని సింగూరుకు పంపండి. సంఘం అధ్యక్షుడితో కలిసి ఇంజిన్ అడుగుతున్న ప్రతి పడవ పొడవు, పలక ఎత్తు, పలక గట్టిదనం ఒక పుస్తకంలో రాయించండి. ఆ పుస్తకం ప్రకారం ఎన్ని పొట్టివి, ఎన్ని పొడుగువి, ఎన్ని పలకలు, ఎన్ని బ్యాటరీ మోటార్లు అన్నది తేల్చి అప్పుడే టెండరు పిలవండి. కొలతలు తీయడానికి మనిషి కావాలంటే నేను వస్తాను, కూలీ అక్కర్లేదు.

ఇట్లు,
పటాన్‌చెరు నుంచి ఒక ఇంజిన్ మెకానిక్